ఇనపవాసన

చినపోతయ్య ఇంటి గడప దాటుతుండగానే పోలేశ్వరికి ఆ వాసన తగిలింది.

ఎండుచేపల వాసన కాదు, డీజిలు వాసన కాదు. వీధిలో పెద్దవాళ్లెవరికీ తెలియని వాసన అది. పిల్లల్లో ఒకడు తడిపిన పలకలా ఉందనేవాడు, ఒకతె కొత్త గొడుగు విప్పినట్టుందనేది. వానలో నానిన ఇనుములా ఉందని పోలేశ్వరి అంది. ఆ మాటే నిలిచిపోయింది. గుల్లలపేట పిల్లలందరూ దాన్ని ఇనపవాసన అనే పిలిచేవారు.

పోలేశ్వరి మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. పసుపురంగు టోపీ సరిచేసుకుని, చాప మీద కూర్చుని, నేర్చుకున్న మాటలన్నీ చెప్పింది. పాత బోరు నీళ్లు తాగొద్దని, ఒళ్లునొప్పులకు కొట్లో మాత్రలు కొని మింగొద్దని, ఎండలో వల బాగుచేసేటప్పుడు మంచినీళ్లు పక్కనే పెట్టుకోమని. చినపోతయ్య నవ్వుతూ విన్నాడు. "దానయ్య కూతురు పంతులమ్మైపోనాదే" అన్నాడు భార్యతో. బయటికి వచ్చాక ఆ పిల్ల తిన్నగా తుపాను షెల్టర్‌కి నడిచి, డాక్టరమ్మ చెవిలో అతని పేరు చెప్పింది.

ఎండుజబ్బు తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. మనిషి తింటూనే ఉంటాడు, చేపల వేటకు వెళ్తూనే ఉంటాడు, లోపల కిడ్నీలు మాత్రం ఎండిపోతుంటాయి. కాళ్లు వాచి ఆసుపత్రికి చేరేసరికి చేసేదేమీ మిగలదు. మొదట్లోనే పసిగడితే నీళ్లు మార్చి, మందులతో ఆపవచ్చు. కానీ మొదట్లో పసిగట్టగలిగేది విశాఖలో ఉన్న ఒక పెద్ద యంత్రం మాత్రమే. తీరం పొడుగునా ఉన్న ఊళ్లన్నిటినీ దాని ముందు కూర్చోబెట్టడం జరిగే పని కాదు.

దారి కనిపెట్టింది డాక్టర్ సుభాషిణి. జబ్బు మొదలైన మనిషి ఊపిరిలో ఒక పదార్థం సన్నగా కలుస్తుందని, అది ఎవరి ముక్కుకూ అందదని ఆమెకు తెలుసు. ఆ పదార్థాన్నే తిని బతికే సూక్ష్మజీవిని ల్యాబులో పెంచింది. అది తిన్నప్పుడల్లా వాసన వదులుతుంది. దాన్ని చుక్కల మందులో కలిపి ముక్కులో వేస్తే ఆ ముక్కే యంత్రమవుతుంది. చిక్కల్లా ఒక్కటే. పెద్దవాళ్ల ఒంట్లో ఆ జీవులు నిలవవు, ఒళ్లు వాటిని తరిమేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల ముక్కుల్లో మాత్రం హాయిగా కాపురం పెడతాయి.

అలా బడిపిల్లలు ఊరికి కాపలాదారులయ్యారు. తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. ఆదివారం పొద్దున్నే పిల్లలు పాటలు పాడుకుంటూ వీధుల్లోకి వెళ్లేవారు. ఒక్కొక్కరికి కొన్ని ఇళ్లు. ఎవరి ఇల్లు వాళ్లు చూసుకోకూడదని డాక్టరమ్మ నియమం పెట్టింది. పోలేశ్వరి ఇల్లు ఆమె స్నేహితురాలు రత్నానికి పడింది, రత్నం ఇల్లు పోలేశ్వరికి. వాసన వచ్చిన మనిషిని జీపులో విశాఖ తీసుకెళ్లి యంత్రంతో సరిచూసేవారు. పిల్లల ముక్కు ఒక్కసారీ తప్పలేదు. పెద్ద ఆఫీసర్లు వచ్చి శాలువాలు కప్పి ఫోటోలు దిగారు. పోలేశ్వరి తమ్ముడు ఎల్లాజీ, బడిలో అందరికన్నా చిన్నవాడు, ఆ శాలువా కప్పుకునే చాలాకాలం నిద్రపోయాడు.

చినపోతయ్యను కూడా జీపు ఎక్కించుకుపోయింది. మందులిచ్చి పంపారు. అంతా బాగానే ఉందనుకునేలోగా, అతను పనిచేసే బోటు యజమాని జగన్నాయకులు కబురు పంపాడు. ఇక వేటకు రానక్కర్లేదని.

"నడిసముద్రంలో పడిపోతే ఎవుడు జవాబుదారీ? జబ్బుమనిషిని బోటెక్కించుకోలేను" అన్నాడట.

మిగతా బోట్లవాళ్లూ అదే మాట అన్నారు. చినపోతయ్య గట్టున కూర్చుని, వెళ్లే బోట్లను చూస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం అతని భార్య కుళాయి దగ్గర పోలేశ్వరిని ఆపింది. తిట్టలేదు. బిందె కింద పెట్టి, పిల్ల గడ్డం పట్టుకుని అంది:

"నీ ముక్కు మా పొయ్యి ఆర్పీసినాది గదే, తల్లీ."

పోలేశ్వరి సగం నిండిన బిందెతోనే ఇంటికి వచ్చేసింది.

తర్వాత కొన్నాళ్లకు గాలి బాగా వీచిన రోజున ఆమె కంట్లో ఇసుక పడింది. తల్లి కాసులమ్మ అప్పుడే రొయ్యల కంపెనీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. "ఇలా రాయే, నలపకు" అని పిల్లను దగ్గరకు లాక్కుని, రెప్ప పైకెత్తి, కంట్లోకి గట్టిగా ఊదింది.

ఆ ఊపిరిలో ఇనపవాసన ఉంది.

పోలేశ్వరి ఊపిరి బిగబట్టింది. తల్లి మళ్లీ ఊదింది. ఇసుక పోయింది. కన్నీళ్లు మాత్రం ఆగలేదు. "పోనాది కదే, ఇంకా ఏడుపేటి?" అంటూ కాసులమ్మ కొంగుతో మొహం తుడిచి లోపలికి వెళ్లింది. తలుపు పక్కన నిలబడి చూస్తున్న ఎల్లాజీ మెల్లగా వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"అప్పా, నీకూ ఒస్తందా?"

"ఎప్పట్నుంచిరా?"

"మొన్న అమ్మ ముద్దెట్టుకున్నప్పట్నుంచి." వాడు అక్కకు ఆనుకున్నాడు. "రత్నప్ప సెప్పెత్తాదా? కంపెనీలోంచి అమ్మని తీసెత్తారా?"

రొయ్యల కంపెనీలో మేస్త్రీ జబ్బున్న ఆడవాళ్లను గేటులోపలికి రానివ్వడం లేదు. తండ్రి దానయ్య వేటకు వెళ్తే వారాల తరబడి రాడు. చేపలు పడని రోజుల్లో ఇల్లు గడిచేది కాసులమ్మ వలిచిన రొయ్యల మీదే.

ఆదివారం రత్నం వచ్చింది. చాప మీద కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు నీళ్ల గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. కాసులమ్మ ఆవలించింది అప్పుడే. రత్నం తల తిప్పి పోలేశ్వరిని చూసింది. పోలేశ్వరి చూపు తిప్పుకోలేదు. రత్నం మిగతా మాటలు గబగబా ముగించి లేచింది. వీధి మలుపులో పోలేశ్వరి ఆమెను అందుకుంది.

"నేదని సెప్పీ."

"మరి మా తాత?" అంది రత్నం. "నువ్వు ఈ పూట మా ఇంటికెల్తే తెలుస్తాది. ఆయనకీ ఉంది. కాపలా పన్లోంచి తీసెత్తే మా తాత ఏటైపోతాడు?"

ఆ మధ్యాహ్నం గట్టు మీదకు లాగిన బోట్ల మధ్య నీడలో పిల్లలందరూ చేరారు. పోలేశ్వరే పిలిచింది. తీరా చూస్తే ఆ గుట్టు మోస్తున్నది వాళ్లిద్దరే కాదు. ఒకడికి మేనమామ, ఒకతెకు పెద్దమ్మ. అందరికీ భయమే, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకున్నాక అందరి మొహాలూ కాస్త తేటపడ్డాయి.

"ఇంక ఎవులింటికెల్లినా 'నేదు' అనే సెప్పాల" అంది పోలేశ్వరి. "డాక్టరమ్మ ఎన్నిసార్లడిగినా అదే. పోలమ్మ తల్లి మీద ఒట్టు."

అందరూ ఒట్టేశారు. ఎల్లాజీ రెండు చేతులతో వేశాడు.

తుపాను షెల్టర్ మేడమీది గదిలో సుభాషిణి ల్యాబు పెట్టుకుంది. అక్కడి నుంచి కిటికీలో సముద్రం కనపడుతుంది. కొన్ని వారాలపాటు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి "ఏటీ నేదండి" అని చెప్పి వెళ్తుంటే మొదట ఆమె సంతోషించింది. తర్వాత అనుమానపడింది. రత్నం తాతను వేరే పని మీద విశాఖ తీసుకెళ్లినప్పుడు ఊరికే యంత్రం ముందు కూర్చోబెట్టింది. యంత్రం ఉందని చెప్పింది. పోలేశ్వరి లేదన్న మనిషి!

మర్నాడే పిల్లలందరినీ పిలిపించింది. బల్ల మీద మూడు సీసాలు పెట్టింది. రెండింటిలో ఉత్త నీళ్లు, ఒకదానిలో జబ్బు ఊపిరి నుంచి తీసిన పదార్థం.

"ఒక్కొక్కటీ వాసన చూసి చెప్పండమ్మా. తప్పు చెప్పినా ఫర్వాలేదు."

పోలేశ్వరి మొదటి సీసా చూసింది. ఏమీ లేదు. రెండోది ముక్కు దగ్గర పెట్టుకోగానే ఇనపవాసన నెత్తికెక్కింది. వీధుల్లో ఎప్పుడూ అంత ఘాటుగా తగల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ ఆమె మొహాన్నే చూస్తోంది. అమ్మ ఊపిరి అంతా ఎవరో సీసాలో పట్టి తెచ్చినట్టు అనిపించింది ఆ పిల్లకు.

"ఏటీ నేదండి."

"మరి కళ్లలో నీళ్లేమిటమ్మా?"

"జలుబండి."

మూడోది కూడా చూసి తల అడ్డంగా ఊపింది. వెనక నిలబడ్డ పిల్లలంతా అదే చేశారు. ఎల్లాజీ మరీ నమ్మకంగా, సీసాను తలకిందులుగా పట్టి అడుగు కూడా వాసన చూశాడు. సుభాషిణి కుర్చీలో వెనక్కి వాలింది. అలా అలసిపోయిన మొహాన్ని పోలేశ్వరి అంతకుముందు చూడలేదు. పాపం అనిపించింది. అయినా తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఆ తర్వాత డాక్టరమ్మ ఫోన్లో విశాఖలోని తన పైఅధికారితో గట్టిగట్టిగా మాట్లాడుతుండగా కింద మెట్ల మీద కూర్చున్న పిల్లలు విన్నారు. మిగతా ఊళ్లలో కూడా మొదలుపెట్టాలని పైనుంచి ఒత్తిడి. ఈ ఊళ్లోనే పనిచెయ్యకపోతే మొత్తం ఆపేస్తామంటున్నారు. "ఆ జీవుల్లోనే కొత్త జాతి ఉంది సార్, బలమైనది. ఇంత తొందరగా వద్దనుకున్నాను. సరే, సరే... ముందు ఒక్క పిల్లవాడికే వేసి చూస్తాను" అంది ఆమె చివరికి.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సుక్కలే కదా, ఏసుకుందాం" అన్నాడు ఎల్లాజీ. "ఎవులూ ఏసుకోకపోతే కనిపెట్టెత్తారు. నానేసుకుంటాను."

"నోర్ముయ్" అంది పోలేశ్వరి. కానీ గట్టిగా అనలేదు. పోయినసారి చుక్కలు వేస్తే తుమ్ములు తప్ప ఏమీ రాలేదు కదా అని తనకీ లోపల అనిపించింది.

చుక్కలు వేసే రోజు పొద్దున్న ఆమె తమ్ముడితో వెళ్లాలనుకుంది. కానీ కాసులమ్మ కంపెనీకి బయలుదేరుతూ వాకిట్లో కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. పోలేశ్వరి నీళ్లిచ్చి, కాసేపు పడుకోబెట్టింది. "ఎండకే, ఏటీ కాదు" అని తల్లి లేచి, ఆలస్యమైందని పరుగులాంటి నడకతో పోయింది. పోలేశ్వరి షెల్టర్ చేరేసరికి ఎల్లాజీ బల్ల మీద వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి, కాళ్లూపుతూ కనపడ్డాడు. చుక్కలు వేయడం అయిపోయింది.

"ఒచ్చినావా అప్పా? సల్లగుంది" అన్నాడు.

సుభాషిణి చేతులు కడుక్కుంటూ, పోలేశ్వరి కంగారు చూసి నవ్వింది. "భయం లేదమ్మా. పాతవి చచ్చిపోయాయని రూఢి చేసుకున్నాకే వేశాను. అవి బతికి ఉండగా అయితే ఈ మందు సీసా మూత కూడా తీసేదాన్ని కాదు. రెండు జాతులూ ఒకే ముక్కులో పడితే కొట్టుకుంటాయి, లోపలంతా వాచిపోతుంది. పక్కనే మెదడు."

పోలేశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే అమ్మ మాట బయటపడుతుంది. ఒకడి మేనమామ, ఇంకొకతె పెద్దమ్మ, అందరి మాటా. పోలమ్మ తల్లి మీద ఒట్టు. ఏమీ కాకపోవచ్చు కదా. కాళ్లూపుతున్నాడు కదా. ఆమె వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. వాడి చెయ్యి చల్లగానే ఉంది. అదే ఆమెకు ధైర్యం చెప్పింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎల్లాజీ కాళ్లూపడం మానేశాడు. తల బరువుగా ఉందన్నాడు. సుభాషిణి జ్వరం చూసి, కొంచెం రావడం మామూలేనని మాత్ర ఇచ్చింది. పోలేశ్వరి నీళ్లు పట్టి తాగించింది. కాసేపటికి వాడు కళ్లు మూసుకునే "అప్పా, ఎక్కడో ఇనుం కాలతంది" అన్నాడు. అలా అంటుండగానే ముక్కులోంచి రక్తం బొటబొటా కారి, పసుపు టోపీ మీద పడింది.

"ఇనుమా?" అంది సుభాషిణి. "ఏం ఇనుము?"

"డాక్టరమ్మా!" పోలేశ్వరి ఆమె కోటు రెండు చేతులా పట్టుకుంది. "సావనేదండి. పాతియి సావనేదు. మాకందరికీ వాసనొస్తంది. మేమే నేదని అబద్దం సెప్పినాం. రెండో సీసాలో ఉందండి. రెండో సీసాలోనే ఉంది!"

సుభాషిణి మొహంలో రక్తం ఇంకిపోయింది. ఒక్క క్షణం ఆ పిల్లను కొడుతుందేమో అన్నట్టు చూసింది. మరుక్షణం ఎల్లాజీ పక్కన మోకాళ్ల మీద ఉంది. దీపంతో ముక్కులోకి చూసింది. లోపల అప్పటికే వాపు.

"ఎవరున్నారు మీ ఇంట్లో? మీ అమ్మను పిలుచుకురా. పరుగెత్తు!"

పోలేశ్వరి ఇసుకలో చెప్పులు వదిలేసి పరుగెత్తింది. రొయ్యల కంపెనీ గేటు దగ్గర మేస్త్రీ అడ్డం వస్తే చేతి కింద నుంచి దూరిపోయింది. ఐసు మధ్య నిలబడి రొయ్యలు వలుస్తున్న తల్లిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. దారిపొడుగునా పరుగెత్తుతూనే అంతా చెప్పేసింది. తమ్ముడి సంగతి, చుక్కల సంగతి, ఒట్టు సంగతి. ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. షెల్టర్ మెట్ల దగ్గర కాసులమ్మ ఆగి, రొప్పుతూ అడిగింది.

"అందరూ ఎందుకు దాసినారే? ఎవులి కోసం దాసినావే నువ్వు?"

పోలేశ్వరి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపే జవాబు. కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తన ఊపిరి బయటికి రాకూడదన్నట్టు.

పైన సుభాషిణి సూటిగా చెప్పింది. "ముక్కు కడిగే మందు ఉందమ్మా. రెండు జాతులనూ చంపేస్తుంది. కానీ అది మంచీచెడూ చూడదు. వాసన పట్టే నరాలను కూడా కాల్చేస్తుంది. పిల్లాడికి ఇక జన్మలో వాసన తెలియదు. కడగకపోతే వాపు మెదడుకు ఎక్కుతుంది. విశాఖ తీసుకెళ్లేంత వ్యవధి లేదు."

"వాల్లయ్య సముద్రంలో ఉన్నాడు" అంది కాసులమ్మ.

"మీరే చెప్పాలి."

కాసులమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. "కడిగీండి" అంది. తర్వాత డాక్టరు కళ్లలోకి చూసి, గొంతు పెంచకుండా అడిగింది. "సదువుకున్నోరు మీరు. ఏ ఇంట్లో ఎవులు సచ్చిపోతారో పిల్లలు మొయ్యాలా? ఆ బరువు వాల్ల నెత్తినెట్టీటప్పుడు మీకేటీ అనిపించనేదా అమ్మా?"

సుభాషిణి తల దించుకుని మందు కలిపింది. ఎల్లాజీ అరిచిన అరుపు గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్నవాళ్లకు కూడా వినపడింది. పోలేశ్వరి వాడి కాళ్లు పట్టుకుని ఉంది. కడగడం పూర్తయ్యేదాకా వదల్లేదు.

వాడు బతికాడు. విశాఖ ఆసుపత్రిలో జ్వరం తగ్గి, వాపు తీసి, కొన్నాళ్లకు ఇంటికి వచ్చాడు. కాసులమ్మకు అక్కడే యంత్రం జబ్బు ఉందని చెప్పింది. మొదటి దశ కాస్త దాటింది. మందులు మొదలుపెట్టారు. దాచిన ఆ కొన్ని వారాలు లేకపోతే ఇంకా తేలికయ్యేదని డాక్టర్లు అన్న మాటను ఆమె కూతురికి చెప్పలేదు. పోలేశ్వరి తలుపు చాటు నుంచి వింది.

ఎల్లాజీ ఇంటికి వచ్చిన వారమే ఊరంతా షెల్టర్ ముందు చేరింది. వేట నుంచి తిరిగొచ్చిన దానయ్య కొడుకును భుజాన కూర్చోబెట్టుకుని ముందు నిలబడ్డాడు. సుభాషిణి మెట్ల మీద నిలబడి చేతులు జోడించింది.

"మీ పిల్లల ముక్కులు కావాలని అడిగాను, వాళ్లకు ఏం తోస్తోందో అడగలేదు. పరీక్షలో వాళ్లు లేదంటే ఆ జీవులు చచ్చిపోయాయనుకున్నాను. వాళ్లు భయపడి ఉంటారని నా బుర్రకు తట్టనే లేదు. తప్పు నాది. ఇది ఇక్కడితో ఆపేస్తాను. మిగతా పిల్లల ముక్కుల్లో పాతవి ఒక్కటే ఉన్నాయి కాబట్టి వాటిని నొప్పి లేకుండా తీసెయ్యవచ్చు."

"తీసిపారీండి!" అన్నాడు జగన్నాయకులు. లావుపాటి మనిషి, ఆ గట్టు మీద సగం బోట్లు అతనివే. "పిల్లల్ని అడ్డెట్టుకుని ఊరి పరువు తీసినారు. జబ్బున్నోడెవుడో నేనోడెవుడో ఈ కుర్రకుంకలా సెప్పీది?"

జనంలో చాలామంది అవునన్నారు. అప్పుడు పోలేశ్వరి పిల్లల గుంపులోంచి ముందుకు వచ్చింది.

"తీయించుకోం" అంది.

దానయ్య కూడా తెల్లబోయి చూశాడు.

"తీసెత్తే మా అమ్మ లాగా ఇంకెవులికొచ్చినా ఎవులికీ తెలీదు. కాళ్లు వాసినాక తెలుస్తాది." ఆమె గొంతు పీలగా ఉంది, అయినా అందరికీ వినపడింది. "మేం సూత్తాం. కానీ ఇంక డాక్టరమ్మకి సెప్పం, ఊరికీ సెప్పం. ఎవులికి ఉంటే ఆల్ల సెవిలోనే సెప్తాం. జీపు రాకూడదు. డాక్టరమ్మ దగ్గరకి ఆల్లే ఎల్తారు. మందులు ఏసుకుంటన్నోల్లని బోటెక్కనిత్తామని, పన్లోంచి తియ్యమని పెద్దోల్లంతా ఒట్టెయ్యాల. అందాకా మా ముక్కులు మూసుకునే ఉంటాం."

"మమ్మల్నెవులూ ఒక మాటడగనేదు" అంది రత్నం వెనక నుంచి. "టోపీలిచ్చినారు, శాలువాలిచ్చినారు. అంతే."

జగన్నాయకులు పెద్దగా నవ్వాడు. "ఒట్టెయ్యకపోతే ఏటి సేత్తావే?"

పోలేశ్వరి అతని దగ్గరకు నడిచి వెళ్లింది. ఎదురుగా నిలబడి, తల ఎత్తి చూసింది. అతను నవ్వుతూనే ఉన్నాడు, ఊపిరి ఆమె మొహం మీద పడుతూనే ఉంది. ఆ పిల్ల అక్కడే నిలబడింది. నవ్వు మెల్లగా సన్నబడింది. పోలేశ్వరి కదల్లేదు.

"ఏటలా సూస్తన్నావ్?" అన్నాడతను. గొంతులో తేడా అందరికీ తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి ఆగాడు. "ఏటి... ఉందేటి నాకు?"

"ఇప్పుడు సెప్పమంటారేటి? అందరి ముందరా?"

జగన్నాయకులు చుట్టూ చూశాడు. తన బోట్ల మీద పనిచేసే కలాసీలు, అప్పులిచ్చే షావుకారు, కొడుకులు, అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. వాళ్లలో చినపోతయ్య కూడా ఉన్నాడు. అతను మాత్రం తల దించుకున్నాడు. ఆ క్షణాన ఆ పెద్దమనిషి మొహంలో కదిలింది భయమేనని దగ్గరగా ఉన్న పోలేశ్వరికి తెలిసింది. బోట్ల నీడలో ఆ రోజు తన నేస్తాల మొహాల్లో చూసిన భయం లాంటిదే. అతన్ని ఏడిపించాలనుకుంది గాని, ఇప్పుడు జాలేసింది.

"వద్దు" అన్నాడతను. "గంగమ్మ తల్లి మీద ఒట్టు. మందేసుకున్నోడిని నా బోటు మీంచి దింపను. మిగతా బోట్లోల్ల సేత కూడా ఏయిత్తాను. సాలా?"

పోలేశ్వరి అతన్ని వంగమని సైగ చేసి, చెవిలో ఏదో చెప్పింది. అది ఉందనో, లేదనో, ఆ ఇద్దరికే తెలుసు. సుభాషిణి కూడా అడగలేదు. మర్నాడు జగన్నాయకులు బోటు చినపోతయ్యను ఎక్కించుకునే వేటకు వెళ్లింది.

అన్నీ అంత తేలిగ్గా చక్కబడలేదు. రొయ్యల కంపెనీ యజమాని ఊరివాడు కాదు, అతనికి ఏ గంగమ్మా లేదు. కాసులమ్మను మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు. ఆమె ఎండుచేపల గంప ఎత్తుకుని సంతలు తిరగడం మొదలుపెట్టింది. సుభాషిణి విశాఖలో చాలా మాటలు పడింది. ఆమె చేతిలోంచి మిగతా ఊళ్ల పని తీసేశారు. గుల్లలపేట మాత్రం వదలనని పట్టుబట్టి ఉండిపోయింది. అదివరకు తానే పిల్లలకు పాఠం చెప్పేది. ఇప్పుడు ఆదివారం పొద్దున్న వాళ్ల మధ్య కింద కూర్చుని, ఈ వారం ఏం చేద్దామని అడిగేది. పాత బోరు మూయించాలని పిల్లలే అన్నారు. పంచాయతీ చుట్టూ తిరిగి తిరిగి మూయించారు.

ఎల్లాజీ నవ్వుతూనే తిరిగేవాడు. కంపు కొట్టే ఎర పీపా కడగాలంటే పెద్దవాళ్లు వాడినే పిలిచేవారు. "నాకేటీ రాదు కదా!" అని గొప్పగా పీపాలో తల పెట్టేవాడు. ఒకసారి మాత్రం అమ్మ చేపల పులుసు దించినప్పుడు గిన్నె మీదకు వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పోలేశ్వరి చూసింది. వాడి కంచంలో తన చేపముక్క కూడా వేసింది.

ఇంకో వానాకాలం వచ్చి వెళ్లింది. పోలేశ్వరి పొడుగైంది. ఒకరోజు సంత నుంచి వచ్చిన తల్లి నెత్తి మీది గంప దించుతూ పక్కకు వాలి, ఆమె మొహానికి దగ్గరగా నిట్టూర్చింది. పోలేశ్వరి అలవాటుగా ఊపిరి బిగబట్టి, తర్వాత వదిలి చూసింది. ఇనపవాసన లేదు.

మళ్లీ దగ్గరకు వెళ్లింది. చెమట వాసన, చేపల వాసన, కొంగుకు అంటిన పొగాకు వాసన. అంతే. అమ్మకు తగ్గిపోయిందా? లేక తన ముక్కులో ఆ జీవులే వెళ్లిపోయాయా? వెళ్లిపోయే వయసే తనది. రెండిట్లో ఏదో ఆమెకు ఎలా తెలుస్తుంది?

పరుగెత్తి రత్నం చెల్లెలు బంగారిని పిలుచుకొచ్చింది. కొత్తగా చుక్కలు వేయించుకున్న పిల్ల, ఆరేళ్లు కూడా నిండలేదు. బంగారి లోపలికి వెళ్లి కాసులమ్మ ఒళ్లో కూర్చుని, ముక్కు ముక్కుకు ఆనించి చూసి వచ్చింది.

"ఏటే, ఉందా నేదా?"

"నీకు సెప్పకూడదు" అంది బంగారి బుగ్గలు పొంగించి. "అత్త సెవిలోనే సెప్పాల. నువ్వే కదా అలా అన్నావు!"

మళ్లీ లోపలికి పోయి, గుసగుసగా చెప్పి, ఇంటికి పరుగెత్తింది. పోలేశ్వరి వాకిట్లో నిలబడే ఉంది. కాసేపటికి కాసులమ్మ గుమ్మంలోకి వచ్చి కూతుర్ని చూసింది.

"ఉందంట" అంది. "కాని మునుపంత నేదంట. బాగా సన్నబడిందంట. పేనం తీసీది కాదులే, ఇద్దరం కలిసి ముసిలోల్లమైపోతాం, ఆ జబ్బూ నానూ." ఆమె నవ్వింది. "ఏటి, నీకు తెలీనేదా?"

పోలేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఇక తెలియదు. ఎవరి ఇంట్లోకి వెళ్లినా తెలియదు. ఎంతకాలంగానో ఎవరి దగ్గరకు వెళ్లినా ముందు ఊపిరి బిగబట్టడం అలవాటైపోయిన ఆ పిల్ల ఒక్క ఉదుటున వచ్చి, తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, మొహం దాచుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుంది.